ముందు ఇరుసు, వెనక ఇరుసు

"ఎన్ని పళ్ళు?" అని అడిగాడు టేపు.

లాకప్ ఊచల అవతల మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చున్న బండ్ల మేస్త్రీ తలెత్తాడు. "నా నోట్లోనా సారూ?"

"నీ నోట్లో ఎన్నుంటే నాకెందుకయ్యా! సర్వేయరు బండికి నువ్వు వేసిన గేర్లకి ఎన్ని పళ్ళు?"

టేపు అన్నది అతని అసలు పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. దర్జీ అయిన తండ్రి వదిలి వెళ్ళిన కొలత టేపుని మెడలో వేసుకుని తిరుగుతాడు కాబట్టి ఆ పేరు పడింది. ఒకప్పుడు పోలీసు ఉద్యోగం. పై అధికారితో పడక రాజీనామా కాగితం మొహాన కొట్టి వచ్చేసి, పదిహేనేళ్ళుగా ప్రైవేటు డిటెక్టివ్‌గా బతుకుతున్నాడు. ఇప్పుడు అతన్ని పిలిపించింది ఈ మేస్త్రీ భార్య. ఆవిడ స్టేషను వరండాలో బెంచీ మీద మొగుడి కళ్ళజోడు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "అన్నయ్యా, ఆయన అన్నం ముందు కూర్చున్నాక కూడా లేచి వెళ్ళి బిగించిన బోల్టు ఇంకోసారి చూసొచ్చే మనిషి. ఆయన చేత్తో ఒక ప్రాణం పోయిందంటే నేను నమ్మను" అని మాత్రం అంది.

పోయిన ప్రాణం సర్వేయరుది. నిన్న, గురువారం పొద్దున ఏడూ నలభైకి, రాతి క్వారీ ఉన్న కొండ మీంచి దిగుతూ బండితో సహా లోయలో పడ్డాడు. ఆ బండికి అంతకుముందు రోజే పెద్ద టైర్లూ కొత్త గేర్లూ వేసింది మేస్త్రీ. నిర్లక్ష్యంతో మనిషిని చంపాడని ఇన్‌స్పెక్టర్ కేసు రాసేశాడు. ఈ సాయంత్రం ఆరింటికి కోర్టులో నిలబెడతాడు. ఇప్పుడు టైము ఒకటిన్నర.

"పాతది పదికి నలభై ఒకటి సారూ" అన్నాడు మేస్త్రీ. పని మాట రాగానే అతని గొంతులో వణుకు కాస్త తగ్గింది. "అంటే చిన్న చక్రానికి పది పళ్ళు, పెద్దదానికి నలభై ఒకటి. నాలుగు పది అంటాం. కొత్తది ఎనిమిదికి ముప్పై తొమ్మిది. అది నాలుగు ఎనభై ఎనిమిది."

"ఎందుకు మార్చాల్సొచ్చింది?"

"ఇరవై తొమ్మిది అంగుళాల టైర్లు తీసేసి ముప్పై అయిదువి వేయించుకున్నారు కదా. అంత పెద్ద చక్రం తిప్పాలంటే ఇంజను ప్రాణం మీదికొస్తుంది. అందుకని గేరు దించుతాం. నంబరు పెరుగుతుంది, గేరు దిగుతుంది. బలం వస్తుంది, వేగం పోతుంది. మా షెడ్లలో ఎవణ్ణడిగినా దించామనే అంటాడు."

"రెండు ఇరుసులకీ దించావా?"

మేస్త్రీ నీళ్ళు నమిలాడు. "వెనకదానికే సారూ."

"దాంతో ఏమవుతుందో తెలుసా నీకు?"

"తెలీకపోవడమేంటి సారూ! మామూలుగా వెనక చక్రాలతోనే పోతే ఏం కాదు. ఫోర్ వీల్ మీట వేశారనుకోండి, నాలుగు చక్రాలూ కలిసిపోతాయి. ముందువి తొందరగా తిరగాలంటాయి, వెనకవి నెమ్మదిగా తిరగాలంటాయి. ఒకే బండి కింద రెండూ కొట్టుకుంటాయి. కంకర వాలు మీద అయితే స్టీరింగు మాట వినదు. పోనీ మీట తీసేద్దామంటే అది బిగుసుకుపోతుంది, రాదు."

"ఇంత తెలిసినవాడివి బండి ఎలా ఇచ్చావయ్యా?"

మేస్త్రీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు ఇరుసులకీ ఒకేసారి దించమనే సర్వేయరు ముందు చెప్పాడట. కానీ బుధవారం పొద్దున షెడ్డు తలుపు సందులో ఒక చీటీ కనిపించిందట. 'వెనక గేరు పెంచు. ముందుది వచ్చే వారం చూద్దాం' అని రాసి, కింద సర్వేయరు సంతకం ఉందట. పెంచమనడం ఏమిటో అర్థంకాక పదకొండూ ఇరవైకి సర్వేయరుకి ఫోన్ చేశాడు. అవతల గొంతు బొంగురుగా ఉంది. 'పెద్ద నంబరుదే వెయ్యి. చెప్పింది చెయ్యి' అని పెట్టేసింది.

"జలుబు చేసిందేమో అనుకున్నాను సారూ. సాయంత్రం ఆరూ పదికి బండి తీసుకెళ్ళడానికి ఆయన బావమరిది వచ్చాడు. చిన్న పిల్లాడికి చెప్పినట్టు చెప్పాను, ముందు ఇరుసు అయ్యేదాకా ఈ మీట ముట్టుకోవద్దని. మీటకి ఎర్ర గుడ్డ కూడా కట్టాను. మా పనిలో ఎర్ర గుడ్డ కట్టామంటే ముట్టుకుంటే చస్తావని అర్థం. నా ముడి ఎవరూ విప్పలేరు. మూడు మెలికలేసి కొస లోపలికి దోపుతాను. కావాలంటే గుడ్డని కోసి తియ్యాలి."

"అయిందా ఎర్ర గుడ్డ పురాణం?"

వెనకనించి వచ్చింది ఇన్‌స్పెక్టర్ గొంతు. ఇద్దరూ ఒకప్పుడు ఒకే స్టేషన్లో పక్కపక్క బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు. అప్పట్నుంచీ ఒకరంటే ఒకరికి పడదు.

"బండిలో గుడ్డ లేదు, లోయలో గుడ్డ లేదు" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "బండి తెచ్చిన బావమరిది అసలు గుడ్డే చూళ్ళేదన్నాడు. లేని గుడ్డని నీ టేపుతో కొలిచి పట్టుకురా. ఇతన్ని వదిలేస్తాను."

"సరే. బుధవారం పదకొండూ ఇరవైకి సర్వేయరు ఎక్కడున్నాడు?"

"హద్దుల తగాదా విచారణ హాల్లో. పదకొండు నించి పన్నెండున్నర దాకా సాక్ష్యం చెప్పాడు. అదెందుకిప్పుడు?"

"ఆ హాల్లోకి ఫోన్లు పోనివ్వరు. బయట అప్పజెప్పాలి. మరి మేస్త్రీతో మాట్లాడింది ఎవరు?"

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం గతుక్కుమన్నాడు. మరుక్షణమే మీసం దువ్వుకున్నాడు. "మధ్యలో బయటికొచ్చి ఉంటాడు."

"రెండు ముక్కలు మాట్లాడ్డానికి సాక్ష్యం ఆపించి వచ్చాడా? ఆ పూట అతని ఫోను ఎవరి దగ్గరుంది?"

"బండి షెడ్డులో ఉంది కాబట్టి బావమరిది కార్లో తీసుకెళ్ళాడు. ఫోను అతని దగ్గరే ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నోటికొచ్చినట్టు ఊహించుకుంటే కేసులు తేలవు. మూడింటికి కొండ మీదికి రా. నీ మేస్త్రీ చేతి పని చూపిస్తాను."

కొండ మీద క్వారీకి ఆ రోజు సెలవు. యంత్రాలన్నీ టార్పాలిన్లు కప్పుకుని నిలబడ్డాయి. కూతకి ఒక పిట్ట కూడా లేదు. వాలు మొదలయ్యే చోట కొత్తగా రంగు వేసిన ఒక బోర్డు ఉంది. 'ఆగండి. ఇక్కడ ఫోర్ వీల్ వెయ్యండి' అని దాని మీద రాసుంది. టేపు తన పాత జీపుని దిగే వైపుకి తిప్పి, బోర్డుకి నాలుగడుగుల ఇవతల ఆపి, చేతి బ్రేకు లాగి, దిగి ముందు చక్రం కింద ఒక రాయి పెట్టాడు.

"చేతి బ్రేకు మీద నమ్మకం లేదా?" అని నవ్వాడు ఇన్‌స్పెక్టర్.

"నాకు దేని మీదా నమ్మకం లేదు. అందుకే ఇంకా బతికున్నాను."

టేపు బోర్డు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని మెడలోని కొలత టేపు తీసి పరిచాడు. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ వాలు మీద పాక్కుంటూ పోయాడు. సరిగ్గా ఏడో టేపు దగ్గర కంకరలో మచ్చలు మొదలయ్యాయి. బ్రేకు తొక్కితే పడే నిలువు చార కాదు అది. గీసి వదిలి, గీసి వదిలి, ఏదో జంతువుని ఈడ్చుకెళ్తుంటే గోళ్ళతో నేలని పట్టుకున్నట్టుంది. అక్కడి నించి ఎడమ పక్కకి తిరగాల్సిన దారి తిరగనే లేదు. మచ్చలు తిన్నగా వెళ్ళి అంచు దగ్గర ఆగిపోయాయి. అవతల గాలి తప్ప ఏమీ లేదు.

సర్వేయరు బోర్డు చూసి, బుద్ధిమంతుడిలా ఆగి, అది చెప్పినట్టే మీట వేశాడు. ఏడు టేపుల దూరంలో చావు మొదలైంది. అంటే అతను మీట ఎక్కడ వేస్తాడో ముందే తెలిసినవాడు ఎవడో ఉన్నాడు.

క్రేనుతో పైకి లాగిన బండిని క్వారీ షెడ్డులో పెట్టారు. పైకప్పు సీట్ల మీదికి కుంగిపోయింది. రెండు ఇరుసులనీ కలిపే మధ్య పెట్టె పగిలి ఊడిపోయింది. కొత్త టైర్లు మాత్రం చెక్కుచెదరలేదు. నల్లగా, లావుగా, ఇంకా ఎక్కడికో పోదామన్నట్టు నిలబడ్డాయి. షెడ్డు గుమ్మంలో సర్వేయరు బావమరిది చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆ క్వారీకి మేనేజరు అతనే. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి. మాట మాత్రం చాలా మెత్తగా ఉంది.

"ఏది కావాలన్నా అడగండి సార్. మా అక్క మొహం చూళ్ళేకపోతున్నాను."

టేపు జాకీతో వెనక ఎడమ చక్రాన్ని లేపి, కుడిదాన్ని నేల మీదే ఉంచాడు. కిందికి దూరి, ఇరుసులోకి వెళ్ళే పొడుగాటి కడ్డీ మీద సుద్దతో గీత పెట్టాడు. "చక్రాన్ని నెమ్మదిగా రెండు చుట్లు తిప్పు" అన్నాడు ఇన్‌స్పెక్టర్‌తో.

"నేనా?"

"లేకపోతే నేను పైనా కిందా ఒకేసారి ఎలా ఉంటాను?"

ఇన్‌స్పెక్టర్ గొణుక్కుంటూ తిప్పాడు. ఇనుము లోపలినించి సన్నగా, ఆగకుండా ఒక మూలుగు మొదలైంది. కొత్త గేరు చేసే చప్పుడే అది, టేపుకి తెలుసు. తెలిసినా, నిన్న మనిషి చచ్చిపోయిన బండి చక్రం తిరుగుతూ మూలుగుతుంటే వినడం వేరు. సుద్ద గీత పైకొచ్చినప్పుడల్లా లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. అయిదోది పూర్తి కావడానికి పిసరంత ఉండగా ఇన్‌స్పెక్టర్ రెండో చుట్టు అయిపోయింది.

"నాలుగు ఎనభై ఎనిమిది" అన్నాడు టేపు. ముందు ఇరుసుకి కూడా అలాగే చేశారు. గీత నాలుగు సార్లు వచ్చి, అయిదోసారికి అప్పుడే బయల్దేరి ఆగిపోయింది. ఈసారి మూలుగు లేదు. "ఇది పాతది. నాలుగు పది. మేస్త్రీ పళ్ళ విషయంలో అబద్ధం చెప్పలేదు."

"చెప్పకపోతే ఇంకా మంచిది! తప్పు పని చేశానని ఒప్పుకున్నట్టే కదా."

టేపు జవాబివ్వకుండా విరిగిన తలుపులోంచి తల లోపల పెట్టాడు. ఫోర్ వీల్ మీట ముందుకి వేసే ఉంది. మధ్యలో వెనక్కి వంగిపోయింది. ఎవరో ప్రాణం అంతా చేతుల్లోకి తెచ్చుకుని లాగితే వంగినట్టుంది.

"శవం చేతులు ఎక్కడున్నాయి?"

ఇన్‌స్పెక్టర్ గొంతు మొదటిసారి తగ్గింది. "రెండూ ఆ మీట మీదే. స్టీరింగు వదిలేశాడు. విడిపించడానికి ఇద్దరు కావాల్సొచ్చింది."

మీట అంతా దుమ్ము. మెడ దగ్గర మాత్రం రెండు వేళ్ళ వెడల్పున శుభ్రమైన పట్టీ ఉంది. ఆ పట్టీ మీద రంగు లేచిపోయి ఒక సన్నటి గాటు కనిపించింది. "ఇక్కడ గుడ్డ ఉండేది" అన్నాడు టేపు. "కత్తితో కోసి తీశారు."

"పడ్డప్పుడు గీసుకుంది."

"పడ్డప్పుడు గీసుకుంటే దుమ్ము కూడా తుడుచుకుంటుందా?"

వెనక సీటు కింద గాలి పంపు సంచీ ఒకటి నలిగి ఇరుక్కుపోయి ఉంది. అందులో చేయి పెడితే సర్వేయరు నోటు పుస్తకం దొరికింది. ఇరవై రెండేళ్ళు కొండలూ గుట్టలూ తిరిగిన మనిషి రాత అది. టేపు పేజీలన్నీ తిరగేసి, చివరిది పైకే చదివాడు.

"'టైరు ముప్పై అయిదు. గేరు దించాలి, రెండు ఇరుసులకీ. నాలుగు యాభై ఆరు వేస్తే ఎత్తు మీద బండి ఏడుస్తుంది. అయిదు ఇరవై తొమ్మిది వేస్తే రోడ్డు మీద అరుస్తుంది. బండి అరిస్తే మా ఆవిడకి తలనొప్పి. లెక్క నాలుగు తొంభై అయిదు దగ్గర తేలుతోంది. కాబట్టి నాలుగు ఎనభై ఎనిమిది. మేస్త్రీకి చెప్పాను, రెండూ ఒకే రోజు దించమని.'"

పెళ్ళాం తలనొప్పిని కూడా లెక్కలో వేసుకుని గేరు ఎంచుకున్న మనిషి, వారం తిరక్కుండా అదే గేరు మూలంగా పోయాడు.

"బావ అంతేనండీ" అన్నాడు బావమరిది, కళ్ళు తుడుచుకుంటూ. "బుధవారం రాత్రి కూడా ఆ బండి ధ్యాసే. 'గేరు పెంచాన్రా, రేపు కొండ మీద చూడాలి' అన్నాడు. అవే నాతో ఆఖరి మాటలు."

టేపు పుస్తకం మూసి, నెమ్మదిగా అతని వైపు తిరిగాడు. "ఏమన్నారు?"

"రేపు కొండ మీద చూడాలి అని..."

"దానికి ముందు?"

"గేరు పెంచాన్రా అని."

"ఈ పుస్తకంలో నేను చూసినంత మేర పదకొండు చోట్ల గేరు మాట ఉంది. పదకొండు చోట్లా దించడమే. బండి నడిపేవాడి నోట పెంచడమన్న మాట రాదు. నంబర్లు కాగితం మీద మాత్రమే చూసినవాడు అంటాడు, నాలుగు పది కంటే నాలుగు ఎనభై ఎనిమిది పెద్దది కాబట్టి పెంచామని. మేస్త్రీకి వచ్చిన చీటీలో ఉన్నది కూడా ఆ మాటే."

బావమరిది మొహంలో ఏడుపు అలాగే ఉంది. కళ్ళు మాత్రం రెప్ప వేయడం మానేశాయి. "నాకు బండ్ల సంగతి తెలీదు సార్. నా నోటికి అలా వచ్చిందేమో."

"ఈ పుస్తకంలోనే రాసుంది, ఈ రోజు మీ బావ హద్దుల పటం దాఖలు చేయాల్సిన రోజని. మీ క్వారీ హద్దు రాళ్ళు దాటి తవ్విందని అందులో ఉంది. దాఖలైతే ఇది మూతపడేది. అవునా?"

"ఇక చాలు!" ఇన్‌స్పెక్టర్ మధ్యలోకి వచ్చాడు. "అక్క మొగుడు పోయి ఏడుస్తున్నవాణ్ణి పట్టుకుని, పెంచాడా దించాడా అని వ్యాకరణం అడుగుతావా? జడ్జి ముందు ఈ మాట అంటే నవ్వుతాడు. నాకు వస్తువు కావాలి."

"చీటీ మీద రాత పరీక్షకి పంపు."

"పంపుతాను. జవాబు రావడానికి పది రోజులు. అప్పటిదాకా మేస్త్రీ జైల్లో ఉంటాడు." వాచీ చూసుకున్నాడు. "నాలుగూ పది. నేను బయల్దేరుతున్నాను. ఆరు లోపల ఆ ఎర్ర గుడ్డ నా బల్ల మీదుంటే సరే. లేకపోతే వెళ్ళి ఆవిడకి నువ్వే చెప్పుకో."

ఇన్‌స్పెక్టర్ జీపు వాలు దిగిపోయింది. బావమరిది కూడా నమస్కారం పెట్టి, మంచినీళ్ళు పంపిస్తానని ఎటో వెళ్ళాడు. నీళ్ళు రాలేదు. టేపు షెడ్డంతా, చెత్త డబ్బాలతో సహా, గంట సేపు వెతికాడు. ఎర్ర పోగు ఒక్కటి కూడా దొరకలేదు. బెంచీ మీద కళ్ళజోడు పట్టుకుని కూర్చున్న మనిషి గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో మూల వెతికాడు. అయిదూ పదిహేనుకి కాళ్ళీడ్చుకుంటూ జీపు దగ్గరికొచ్చి, తలుపు తీసి, కూర్చుని, మళ్ళీ వేశాడు.

పక్క సీట్లో ఒక రాయి ఉంది.

తను చక్రం కింద పెట్టిన రాయే. అతిథిని కూర్చోబెట్టినట్టు సీటు మధ్యలో జాగ్రత్తగా పెట్టారు. అడుగున తడి మన్ను ఇంకా ఆరలేదు.

టేపు తల తిప్పకుండా కళ్ళు మాత్రం కిందికి దించాడు. చేతి బ్రేకు మీటకి ఎర్ర గుడ్డ కట్టి ఉంది. దానికి రెండు ముడులున్నాయి. ఒకటి పాతది, గ్రీజు మరకలతో, మూడు మెలికలు తిరిగి కొస లోపలికి దోపి ఉంది. ఆ ముడి చెక్కుచెదరలేదు, దాని పక్కన గుడ్డని కోశారు. కోసిన కొసలని ఎవరో మామూలు ముడితో మళ్ళీ కలిపారు.

అంటే గుడ్డ ఉంది! మేస్త్రీ చెప్పిన ప్రతి మాటా నిజం. మనిషి లాకప్‌లో ఉండగా అతని ముడి కొండ మీద తిరుగుతోంది. భయం ఒక పక్కన, సంతోషం ఒక పక్కన పట్టి లాగుతుంటే టేపు ఊపిరి బిగబట్టి ఫోను తీశాడు. గుడ్డ ముట్టుకోకుండా మూడు ఫోటోలు తీసి పంపి, ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ కలిపాడు.

అవతల ఊచల తలుపు చప్పుడు, మేస్త్రీ ఏడుపు వినిపించాయి. "నాదే సారూ! ఆ ముడి నాదే! ఇదిగో, కావాలంటే ఇక్కడే ఇంకోటి వేసి చూపిస్తాను!"

"చూశాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ మాట అతని నోట్లోంచి రావడానికి చాలా కష్టపడింది. "అచ్చు అలాగే వేశాడు. సరే, ఒప్పుకున్నాను. ఇతన్ని కోర్టుకి తీసుకెళ్ళను. ఆ బావమరిది కోసం మనుషుల్ని పంపుతున్నాను. నువ్వు గుడ్డ తీసుకుని కిందికి వచ్చెయ్యి."

"మేస్త్రీ కళ్ళజోడు మేస్త్రీకి ఇచ్చెయ్యమని ఆవిడకి చెప్పు" అన్నాడు టేపు.

"సారూ, ఒక్క నిమిషం" అని మేస్త్రీ గొంతు అడ్డం వచ్చింది. ఏడుపు ఆగిపోయింది అందులో. బోల్టు ఇంకోసారి చూసొచ్చే మనిషి గొంతు అది. "గుడ్డ ఏ మీటకి కట్టారు?"

"చేతి బ్రేకుకి."

"చక్రం కింద రాయి ఉందా?"

"రాయి నా పక్కన కూర్చుంది."

"సారూ, ఆ మీట మీద చెయ్యి వెయ్యకండి. కాలి బ్రేకు ఒకసారి తొక్కండి. నెమ్మదిగా."

టేపు తొక్కాడు. పాదం ఏ అడ్డూ లేకుండా నేల దాకా దిగిపోయింది.

ఎక్కడో కింద, జీపు కడుపులో, సన్నటి తీగ ఒకటి తెగినట్టు టిక్కుమంది. కాస్సేపటికి ఇంకోటి.

"ఏంటి సారూ ఆ చప్పుడు?" అన్నాడు మేస్త్రీ. "చేతి బ్రేకు తీగ సగం కోసి వదిలారు. పోగు పోగూ తెగుతోంది. దిగెయ్యండి! సారూ, దూకెయ్యండి!"

టేపు తలుపు పిడి పట్టుకుని ముందుకి చూశాడు. అద్దంలోంచి బోర్డు కనిపిస్తోంది. నాలుగడుగుల దూరంలో ఆపానని అతనికి బాగా గుర్తుంది, కొలిచే ఆపాడు. ఇప్పుడు 'ఆగండి' అన్న అక్షరాలు అంతకంటే పెద్దగా ఉన్నాయి. చూస్తూండగానే, చడీచప్పుడూ లేకుండా, బోర్డు అతని వైపుకి రావడం మొదలుపెట్టింది.